మా తాతగారి చెయ్యి వణకలేదు

మా తాతగారి చెయ్యి వణికేదన్న మాట నా ఎదుటే అన్నవాడు మా బావ, అంటే మా అక్క భర్త. కాశీబుగ్గలో తన జీడిపప్పు ఫ్యాక్టరీకి కొత్తగా కట్టించుకున్న ఆఫీసు గదిలో అన్నాడు. ఆ గదిని చూసినవాళ్ళకి ఆయన గురించి వేరే చెప్పక్కర్లేదు. సోఫాలు కొన్నాడు కానీ వాటి పాలిథిన్ కవర్లు తియ్యడానికి చేతులు రాలేదు. జీడిపిక్కలు కాల్చే పొగ లోపలికి రాకుండా మల్లెపూల వాసన పిచికారీ చేయిస్తాడు. రెండూ కలిసి ఏ వాసన పుడుతుందో ఆ గదిలో కూర్చున్నవాడికే తెలుస్తుంది. ఆయనకి తెలియదు.

ఆయన తాత మా తోటల్లో కొబ్బరికాయలు లెక్కపెట్టేవాడు. అందులో తప్పేమీ లేదు. మా బావ మరిచిపోయాడు కనుక చెబుతున్నాను. మా అక్క పెళ్ళి మా భూములు పోయి ఇల్లు చితికిపోయి ఉన్నప్పుడు జరిగింది. అక్క సుఖంగానే ఉంది. ఆ విషయం ఇంతకంటే రాయను.

బయటి రాష్ట్రాల నుంచి వచ్చే వ్యాపారులకి చూపించడానికి గోడ మీద పాత ఉద్దానం ఫొటో ఒకటి పెట్టాలని ఆయనకి బుద్ధి పుట్టింది. తుపానుకి ఉద్దానంలోని పాత కొబ్బరితోటలు పోయాయి. ఇప్పుడున్నవన్నీ మోకాలెత్తు మొక్కలు. ఆకాశాన్ని కప్పేసిన తోటలు ఎలా ఉండేవో చూపించే బొమ్మలు ఈ చుట్టుపక్కల మా తాతగారి ఆల్బంలోనే ఉన్నాయి. అక్క అడిగింది కనుక తీసుకువెళ్ళాను.

మా బావ ఆల్బంని మధ్యలో తెరిచి, వేలు నాలుకకి రాసుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. నేను చూడలేక కిటికీ వైపు తిరిగాను.

"ఏటి బావా, ఇయన్నీ మసకగున్నాయి?" అన్నాడు.

"దూరం నుంచి తీసినవి."

"దూరమైతే సిన్నగుంటాది. మసకెందుకుంటాది?"

గదిలో ఆయన సూపర్‌వైజరు ఉన్నాడు. టీ తెచ్చిన మనిషి కూడా ఉన్నాడు. మా బావకి వినేవాళ్ళు ఉంటేనే మాట వస్తుంది.

"మా తాత సెప్పీవోడు. పొద్దు వాలితే దొరగారి సెయ్యి నిలబడీది కాదట. ఆ సెయ్యితోనే సంతకాలెట్టీసి బూములన్నీ ఒగ్గీసినాడట. ఎవులైనా నమ్మకపోతే ఇదిగో, ఫొటోలే సెప్తన్నాయి."

సూపర్‌వైజరు నవ్వాడు. అతను నవ్వకపోతే ఉద్యోగం ఉండదు, అతన్ని ఏమీ అనను.

నందిగాం నుంచి వజ్రపుకొత్తూరు దాకా మా భూముల గురించి అడిగితే జనం చెప్పే కథ ఒకటే: తాతగారు తాగి పోగొట్టారని. అన్నదమ్ముల వ్యాజ్యాలు, భూపరిమితి చట్టం, తుపానులు, పంచుకున్నవాళ్ళ చేతకానితనం, ఇవన్నీ అర్థం కావాలంటే కొంచెం బుర్ర కావాలి. తాగుడు అందరికీ అర్థమవుతుంది. అయితే అప్పటిదాకా అది నోటిమాట. ఆ రోజు నుంచి దానికి సాక్ష్యం దొరికింది. ఆ సాక్ష్యాన్ని గుడ్డలో చుట్టి మోసుకువెళ్ళినవాణ్ణి నేను.

ఆల్బం మూసి చంకలో పెట్టుకున్నాను. "ఈ బొమ్మలు నీ గోడకి తగవు," అన్నాను.

"తగవనే కదా బావా నానూ అంటన్నాను," అన్నాడు.

టెక్కలి బస్సులో కూర్చుని ఒకటే అనుకున్నాను. ఆ చెయ్యి వణకలేదని రుజువు చెయ్యాలి. ఆయనకి, ఆయన సూపర్‌వైజరుకి, ఆ టీ మనిషికి.

నేను టెక్కలిలో ఒక అద్దె ఇంటి మేడ మీద ఉంటాను. ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తాను. నాతో మా మేనత్త, అంటే మా నాన్నగారి అక్కగారు, ఉంటుంది. ఆమె మా తాతగారి పెద్ద కూతురు. మా ఇంటి నుంచి మా దాకా వచ్చిన వస్తువుల్లో విలువైనది తాతగారి కెమెరా ఒక్కటే. ఆయన కలకత్తాలో కొన్నారు. దాన్ని గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ రోజుల్లో కెమెరా అంటే ఫోను వెనక ఉండే బొడిపె అనుకునేవాళ్ళే ఎక్కువ.

అది రేంజ్‌ఫైండర్ కెమెరా. అందులో మనం లెన్సులోంచి చూడం. పక్కన చిన్న కిటికీ ఉంటుంది, అందులోంచి చూస్తాం. ఆ కిటికీలో ఒకే వస్తువు రెండుగా కనిపిస్తుంది. లెన్సు తిప్పుతూ ఆ రెండింటినీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. మనుషులకీ ఇళ్ళకీ ఇది చాలు. సముద్రంలో పడవకీ చెట్టు మీద పక్షికీ చాలదు. పొడుగాటి లెన్సు పెడితే ఆ కిటికీ లెక్క తప్పుతుంది. అందుకని ఆ రోజుల్లో ఒక నల్లటి పెట్టె అమ్మేవారు. దాన్ని కెమెరాకీ లెన్సుకీ మధ్యన మరతో బిగించాలి. లోపల ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన బొమ్మని ఆ అద్దం పైకి, ఒక గరుకు గాజుపలక మీదికి పంపిస్తుంది. మనం తల దించి ఆ పలకలో చూసి ఫోకస్ చేసుకోవాలి. బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. మీట నొక్కితే అద్దం లేస్తుంది, బొమ్మ ఫిల్ము మీద పడుతుంది. మా ఇంట్లో దాన్ని అద్దం పెట్టె అనేవారు.

ఇందులో ప్రాణం ఒక్కచోటే ఉంది. లెన్సు నుంచి గరుకు పలకకి ఎంత దూరమో, లెన్సు నుంచి ఫిల్ముకి కూడా సరిగ్గా అంతే దూరం ఉండాలి. కాగితం మందం తేడా వచ్చినా కంటికి కనిపించేది ఒకటి, ఫిల్ముకి అందేది ఇంకొకటి.

మొదట చెయ్యవలసిన పని నాకు స్పష్టంగానే తోచింది. చెయ్యి ప్రసక్తి లేకుండా ఫొటో తియ్యాలి. కెమెరాని స్టాండుకి బిగించి తీసినా మసకగా వస్తే తప్పు చేతిది కాదు.

చలికాలంలో తేలినీలాపురం వెళ్ళాను. టెక్కలికి దగ్గరే. ఏటా గూడబాతులు అక్కడి చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి. ఆ పక్షులు ఎంత దూరం నుంచి వస్తాయో తెలిసిన జనమే వాటి కింద నిలబడి, వాటి వైపు వీపు తిప్పి, ఫోనుని చేత్తో దూరంగా పట్టుకుని, తమ మొహాలు తీసుకుంటున్నారు. చూడడానికి వచ్చింది ఏమిటో చూడకుండా వెళ్ళిపోవడం ఈ మధ్య నేర్చుకున్న విద్య.

నేను స్టాండు వేసి, తల దించి, పలకలో ఒక గూడు మీద ఫోకస్ చేసుకుంటున్నాను. భార్యాపిల్లలతో వచ్చిన ఒకాయన దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏటి మేస్టారూ, ఏటైనా పడిపోనాదా?" అన్నాడు.

"లేదు."

"మరి పిట్టలు పైనున్నాయి కదా, కిందకి సూత్తన్నారు?"

నేను పలక మీంచి తల ఎత్తలేదు. ఆయన భార్యతో "పాపం, మెడ నొప్పి కాబోలు" అని వెళ్ళిపోయాడు.

గరుకు పలక మీద ఆ గూడు ఎంత స్పష్టంగా ఉందంటే, పుల్లల మధ్య ఇరుక్కున్న ఈక కూడా కనిపించింది. మీట నొక్కాను. ఇంటికి వచ్చి, స్నానాల గది కిటికీకి దుప్పటి కట్టి ఫిల్ము కడిగాను. కుడి పక్క బాగానే ఉంది. మధ్యలో గీతలు కాస్త మెత్తబడి మసకగా ఉన్నాయి. ఎడమ పక్కన చెట్టూ పక్షులూ ఆకాశమూ కలిసి జావలా ఉన్నాయి.

ఫొటో పాడైనందుకు సంతోషించింది జీవితంలో అప్పుడే. ఆరీ ఆరకముందే ప్రింటు పట్టుకుని కాశీబుగ్గ వెళ్ళాను.

మా బావ దాన్ని వెలుగుకి ఎత్తి చూశాడు. "అయితే నీ సెయ్యీ ఒణుకుతాదన్నమాట. వంసం కదా."

"స్టాండు మీద పెట్టి తీశాను. చెయ్యి ముట్టలేదు."

"స్టాండు పట్టుకున్నదెవులు?"

సూపర్‌వైజరు ఈసారి ఉద్యోగం కోసం కాకుండా నిజంగానే నవ్వాడు.

తెలియనివాడికి చెప్పవచ్చు. తెలుసుకోవడం తనకి అవమానం అనుకునేవాడికి ఏం చెబుతాం? స్టాండుని ఎవరూ పట్టుకోరని, చెయ్యి వణికితే బొమ్మ మొత్తం చెదురుతుందని, ప్రతి గీతకీ పక్కన ఇంకో గీత పడుతుందని చెప్పాను. తాతగారి బొమ్మల్లో అలాంటిది లేదని, ఎప్పుడూ ఒకే పక్క మెత్తబడిందని, తాగినవాడి చెయ్యి ప్రతిసారీ ఒకే పక్కకి తూగదని చెప్పాను.

"నువ్వు పుస్తకంలాగ మాట్లాడతావు బావా," అన్నాడు. "అసలు తప్పేటో సూపించు. అప్పుడు ఒప్పుకుంతాను. ఊరికే సెయ్యి కాదు సెయ్యి కాదంటే ఎలాగ? మరేటి?"

అంత మందబుద్ధి నోట్లోంచి కూడా ఒక్కోసారి న్యాయమైన మాట వస్తుంది. తప్పు ఎక్కడుందో చూపించనంత కాలం తాగుడు కథే నిలుస్తుంది.

కాశీబుగ్గలో ఒక స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళకి డ్రోను ఎగరేస్తారు, చనిపోయినవాళ్ళ బొమ్మల వెనక హిమాలయాలు పెడతారు. ఇంకెవరికీ చూపించలేక పెట్టెని ఆ స్టూడియో ఆయనకి చూపించాను. పెట్టెని అటూ ఇటూ తిప్పి, తేనెపట్టులాంటిదేదో చేతికి ఇచ్చినట్టు తిరిగి ఇచ్చేశాడు. "ఎందుకు సార్ ఇదంతా? మీ తాతగారి ఫొటోలు ఇచ్చీండి. కంప్యూటర్లో పెట్టి షార్పు సేసిచ్చేత్తాను. తోట పల్చగుంటే ఇంకో రెండు కొబ్బరిచెట్లు కూడా ఏత్తాను," అన్నాడు. తాతగారి చెయ్యి వణకలేదని కంప్యూటరు చేత చెప్పించుకునే గతి మా ఇంటికి ఇంకా పట్టలేదు.

పాత కెమెరాలవాళ్ళ గుంపు ఒకటి ఫోనులో ఉంటే అందులోనూ అడిగాను. ఒకాయన పారేసి కొత్తది కొనుక్కోమన్నాడు. ఇంకొకాయన తన దగ్గర ఉన్న కెమెరాలన్నీ పేర్చి ఫొటో పెట్టాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. మూడో ఆయన అద్దానికి కళాయి పోయి ఉంటుందని తీర్పు చెప్పాడు. మా అద్దంలో నా మొహం నెరిసిన వెంట్రుకతో సహా కనిపిస్తుంది. గుంపులోంచి బయటికి వచ్చేశాను.

ఇక నేనే కూర్చున్నాను. పెట్టె తీసేసి, కెమెరాకి దాని సొంత లెన్సు పెట్టి మా కాలేజీ గేటుని తీశాను. గేటు మీది అక్షరాలు కత్తితో కోసినట్టు వచ్చాయి. కెమెరా నిర్దోషి. పొడుగు లెన్సుకి పగులు గానీ బూజు గానీ లేదు. మిగిలింది పెట్టె.

మా ఇంటి వెనక పూత లేని ఇటుకగోడ ఉంది. దాని పక్కన ఏటవాలుగా నిలబడి, ఒక ఇటుక మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆ గుర్తు మీద ఫోకస్ చేసి తీశాను. ఫిల్ము మీద గుర్తు పెట్టిన ఇటుక మసకగా ఉంది. దానికన్నా నాకు దగ్గరగా ఉన్న ఇటుక స్పష్టంగా ఉంది. అంటే ఫిల్ము ఉండవలసిన చోటు కంటే వెనక్కి ఉంది. గోడకి ఎదురుగా నిలబడి తీస్తే మళ్ళీ ఎడమ పక్కే చెడింది. అంటే వెనక్కి ఉండడమే కాదు, పెట్టె కెమెరా మీద ఒక పక్కకి ఎత్తుగా కూర్చుంటోంది. గరుకు పలక తీసి చూశాను, గరుకు వైపు కిందికే ఉంది. అద్దం తన ఆనిక మీద సరిగ్గా వాలుతోంది. పెట్టె వెనక కెమెరాకి ఆనుకునే గుండ్రటి అంచు చూశాను. ఒకచోట ముదురు రంగులో, లక్కలాగ, గట్టి పొర ఉంది. చూశాను కానీ తయారుచేసినవాళ్ళు వేసినదే అనుకున్నాను. వాళ్ళు వేసినదాన్ని గీకడం నా పని కాదనుకున్నాను. అక్కడితో దారి మూసుకుపోయింది. ఎండాకాలం, వానలు గడిచిపోయాయి. ఈలోగా అక్క ఫోను చేసినప్పుడల్లా వెనక నుంచి మా బావ గొంతు వినిపించేది: "ఒణుకు తగ్గినాదేటో అడుగు."

దసరాకి ఆయుధపూజ వచ్చింది. మా ఇంట్లో ఆయుధాలంటే ఇప్పుడు కత్తిపీట, కత్తెర, నా స్కూటరు, తాతగారి కెమెరా. స్కూటరు చక్రాల కింద నేను నిమ్మకాయలు పెట్టుకుంటాను. లోపలి సామానుకి పూజ ఎప్పుడూ అత్తయ్యదే. ఆమె ఏం చేసేదో నేను ఏనాడూ నిలబడి చూడలేదు. ఆ సంవత్సరం ఆమె నన్ను పిలిచింది.

"ఒరే, ఈ పెట్టె మర ఇప్పి పెట్టరా. నా మణికట్టులో సత్తువ నేదు."

"విప్పడం ఎందుకత్తా? పైన పెట్టు బొట్టు."

"పైన ఎలాగ పెడతాను? మా నాన్న ఊరుకోడు."

మా తాతగారు నాకు ఊహ తెలియకముందే పోయారు. అయినా ఆమె మాటలో ఆయన పక్క గదిలో ఉన్నారు. నేను పెట్టె విప్పి ఇచ్చాను. ఆమె దాన్ని బోర్లించి, వెనక గుండ్రటి అంచు పైకి వచ్చేలా పీట మీద పెట్టింది. చందనపు గిన్నెలో ఉంగరపువేలు ముంచి, ఆ అంచు మీద, కుడి పక్కన, నేను లక్క అనుకున్న ఆ పొర మీదే బొట్టు పెట్టి దానిపై కుంకుమ అద్దింది.

నేను పీట దగ్గరికి వంగాను. "పాతది తుడిచి పెట్టవా?" అన్నాను.

"ఎవులైనా తుడుత్తారేటి? పాత బొట్టు మీదే కొత్త బొట్టు. మా అమ్మ అలాగే పెట్టీది."

"అక్కడెందుకు పెట్టేవారు?"

ఆమె చెప్పింది. పెట్టె కొన్న కొత్తలో మా నాయనమ్మ అందరిలాగే పైన, కనపడేలాగే బొట్టు పెట్టేది. ఒక పండగ తరవాత జిల్లాలోని పెద్ద అధికారి ఒకాయన మా ఇంటికి భోజనానికి వచ్చాడు. తాతగారు ఆయన్ని సముద్రపు ఒడ్డుకి తీసుకువెళ్ళి కెమెరా చూపించారు. ఆయన బొట్టు చూసి, దీనికి నైవేద్యం కూడా పెడతారా అని అడిగి నవ్వాడట. తాతగారు ఆ నవ్వుని ఇంటికి తెచ్చుకున్నారు. పూజ మానెయ్యమనడానికి మనసు రాలేదు. బయట కనపడడానికి వీల్లేదని మాత్రం చెప్పారు. మర బిగించాక మూసుకుపోయే చోటు అదొక్కటే. అప్పటి నుంచి ఏటా అక్కడే. మా నాయనమ్మ తరవాత మా అత్తయ్య.

బొట్టు ఆరకముందే మర బిగిస్తారు. ఏటా ఒక పొర అణిగి, మెషీను నూనె పీల్చుకుని, నల్లబడి, రాయిలా గట్టిపడింది. పెట్టె ఒక పక్క ఎత్తుగా కూర్చోవడానికి కారణం అదే; లెన్సు బొమ్మని తిరగేసి ఫిల్ము మీద వేస్తుంది కనుక కుడి పక్క ఎత్తయితే ఎడమ పక్క చెడుతుంది. ఇదే ఇంకొకరి ఇంట్లో జరిగి ఉంటే నేను ఏమని ఉండేవాణ్ణో నాకు తెలుసు.

ఆల్బం తెచ్చి మొదటి పేజీ నుంచి చూశాను. మొదట్లో ఉన్న బొమ్మలు అంచు నుంచి అంచుకి శుభ్రంగా ఉన్నాయి. అవి పెట్టె లేకుండా దగ్గర నుంచి తీసినవని నేను ఎప్పుడూ అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే ఒకదాంట్లో అలల అవతల పడవ ఉంది, తెడ్డు పట్టుకున్నవాడి తలపాగా ఉంది. పెట్టె లేకుండా అది రాదు. ఆ తరవాత పేజీలు తిరిగేకొద్దీ ఒక పక్క నుంచి మసక మొదలై, ఏటేటా ఇంకాస్త లోపలికి వచ్చింది.

పండగ అయి ఉద్వాసన చెప్పేదాకా ఆగాను. మర్నాడు వెదురుపుల్ల చెక్కి, స్పిరిటు సీసా తెచ్చుకుని కూర్చుంటే అత్తయ్య వచ్చింది.

"ఏటి సేత్తన్నావురా?"

"ఇది గీకేయాలత్తా. దీనివల్లే బొమ్మలు చెడుతున్నాయి."

"మా అమ్మ పెట్టిన బొట్టు కూడా అడుగున ఉన్నాది."

"ఉంది. కానీ దీనివల్ల బొమ్మలు చెడితే, మీ నాన్నగారి చెయ్యి వణికేదంటున్నారు. తాగేవారు కనుక వణికేదంటున్నారు."

"ఎవులన్నారు?"

"బావ."

"మా నాన్న వైద్యుడు ఇచ్చిన అరిట్టం మందు కూడా సారా వాసనని ఉమ్మీసీవోడు," అంది. లోపలికి వెళ్ళి ఇత్తడి పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. "గీకు. గీకింది ఇందులో ఎయ్యి. తొక్కొద్దు."

పెచ్చులు పెచ్చులుగా లేచింది. లోపలికి వెళ్ళేకొద్దీ ఎర్రగా ఉంది. పైన మాత్రమే నలుపు. అడుగున వెండి రంగు అంచు మెరిసింది. అత్తయ్య పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. ఎక్కడ కలిపిందో నేను అడగలేదు.

ఆ ఆదివారం భావనపాడు ఒడ్డుకి వెళ్ళాను. తాతగారు నిలబడి తీసినట్టు ఆల్బంలో కనిపించే ఇసుకదిబ్బ ఇప్పుడు అలాగే లేదు కానీ చోటు అదే. ఈసారి స్టాండు తీసుకువెళ్ళలేదు. పడవ అలని దాటుతూ ముక్కు పైకెత్తిన క్షణంలో, చేత్తోనే పట్టుకుని తీశాను. కడిగి చూస్తే పడవ ముక్కు, వల తాడు, అవతలి గట్టు మీద సరుగుడు చెట్లు, కుడి నుంచి ఎడమ దాకా ఎక్కడా జావ లేదు.

ఇప్పుడు నా ముందు ఇంకో సంగతి నిలబడింది. ఈ ఒక్క ఫొటో చూపిస్తే చాలదు. "నువ్వు బాగు చేయించుకున్నావు, తాత రోజుల్లో బాగానే ఉండీదేమో," అంటాడు మా బావ. తాతగారి కాలంలోనూ ఇదే తప్పు ఉందని చెప్పాలంటే బొట్టు సంగతి చెప్పాలి. బొట్టు ఎందుకు లోపల పెట్టారో చెప్పాలి. ఎవడో అధికారి నవ్వితే తాతగారు సిగ్గుపడి దేవుడి బొట్టుని మర కింద దాచారని, కొబ్బరికాయలు లెక్కపెట్టినవాడి మనవడి ముందు, ఆయన ఆఫీసులో నిలబడి చెప్పాలి. రెండు రోజులు ఆలోచించాను. తాగుబోతు అన్న మాట మా తాతగారిది కాదు, ఆయన మీద వేసినది. సిగ్గు ఆయన సొంతం. సొంతమైనదాన్ని చెప్పుకోవచ్చు.

వెళ్ళాను. సూపర్‌వైజరుని పిలవమన్నాను. టీ మనిషిని కూడా ఉండమన్నాను. పెట్టె విప్పి అంచు చూపించి, ఆల్బం మొదటి పేజీ నుంచి వరసగా తిప్పుతూ, ఏదీ దాచకుండా చెప్పాను. అధికారి నవ్వు దగ్గరికి వచ్చాక కూడా ఆపలేదు.

మా బావ మొదట అర్థం కానట్టు చూశాడు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతాడని నాకు తెలుసు. అయ్యేదాకా నిలబడ్డాను.

"అంటే తాత తాగనేదు. సిగ్గుపడినాడు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"అవును. సిగ్గుపడ్డారు."

"సిగ్గుపడి మసక సేసుకున్నాడా? తాగి సేసుకున్నా బాగుండును కదా బావా."

"నీకు బాగుండేది," అన్నాను.

ఆయన ఆల్బం దగ్గరికి లాక్కుని ఈసారి మొదటి నుంచి తిప్పాడు. ఒక తోట బొమ్మ దగ్గర ఆగాడు. కాలవ అవతల నుంచి తీసినది. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా వెనక్కి పోతున్నాయి, ఒక చెట్టు సగంలో ఎక్కుతున్న మనిషి కాళ్ళకి కట్టుకున్న బందం కూడా కనిపిస్తోంది. చాలాసేపు చూశాడు.

"ఇది ఇచ్చీ. గోడకి పెద్దది సేయించి పెడతాను."

"ఇస్తాను. ఆ రోజు ఎవరి ముందు ఏమన్నావో వాళ్ళ ముందు దాన్ని వెనక్కి తీసుకో. కంప్యూటరులో దీన్ని ముట్టించకు."

మా బావ తల గోక్కున్నాడు. క్షమించమనడం ఆయనకి ఎవరూ నేర్పలేదు. సూపర్‌వైజరు వైపూ టీ మనిషి వైపూ తిరిగి, "ఒరే, దొరగారి సెయ్యి బాగానే ఉండీదటరా. బొట్టు అడ్డమొచ్చినాదట. ఇంకెవులితోనూ అది తాగుడని సెప్పకండి," అన్నాడు.

అంతకంటే మర్యాదగా చెప్పడం ఆయన వల్ల కాదు. నేను ఆ ఫొటోని మూలలు నలగకుండా ఆల్బంలోంచి తీసి బల్ల మీద పెట్టి, టీ వచ్చేలోగా టెక్కలి బస్సు ఎక్కేశాను.